కోటగుమ్మం దగ్గర పాత లాడ్జి: ఒక హోటల్ పునర్నిర్మాణ డైరీ

2025 ఫిబ్రవరి 12

రాజమహేంద్రవరంలో కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డు వైపు నడిస్తే అయిదు నిమిషాల దూరంలో ఉన్న పాత లాడ్జి స్థలాన్ని ఈ రోజు మేము స్వయంగా కొలిచాము. తూర్పున రోడ్డు వైపు వెడల్పు 27 మీటర్లు, లోతు 45 మీటర్లు. అంటే సుమారు 1,450 గజాలు. పడమర వైపు వెనక ఆరు మీటర్ల సందు ఒకటి ఉంది. ముందు భాగం టేకు దూలాల మీద గానుగ సున్నంతో పోసిన పాతకాలపు డాబా; దాని వెనక తరవాతి కాలంలో కట్టిన మూడంతస్తుల గదులు; ఈ రెండింటికీ నడుమ ఒక నుయ్యి. లాడ్జి మూతపడి నాలుగేళ్ళయింది. కాపలా ఉన్న పెద్దాయన ఒక్కరే ఆ ప్రాంగణంలో ఇప్పటికీ కాపురం ఉంటున్నారు.

యజమాని కోరిక స్పష్టంగానే ఉంది: 2027 గోదావరి పుష్కరాలకు ముందే హోటల్ తలుపులు తెరవాలి, అందులో 72 గదులు ఉండాలి, 500 మంది పట్టే ఫంక్షన్ హాలు ఉండాలి, కార్లన్నీ సెల్లార్‌లోకి వెళ్ళిపోవాలి. మాకన్నా ముందు వేరొక సంస్థ ఇదే లెక్కతో నమూనా గీసి ఇచ్చింది. సెల్లార్, దాని మీద ఆరంతస్తులు, పడమర ముఖమంతా అద్దాలు. గదిలోంచి గోదావరి కనిపించాలన్నది ఆ అద్దాల వెనక ఉన్న ఆలోచన. ఆ నమూనాను పరిశీలించి, అవసరమైతే మార్చి, పని మొదలుపెట్టించడం మా బాధ్యత.

పాత నమూనాలో స్థలం లోతు 46.1 మీటర్లని ఉంది. మేము మూడుసార్లు టేపు పట్టి చూసినా 45 దాటలేదు. ఆ 1.1 మీటరు లోటు వల్ల వెనక మెట్ల గది సందులోకి చొచ్చుకుపోతుంది. ఇంకొక కొలత కూడా ఉంది: రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు నుంచి 3 మీటర్లు పోతుంది. కనుక మన చేతిలో ఉన్న లోతు 42 మీటర్లే అనుకుని పని మొదలుపెట్టాలి.

ఏప్రిల్ 6

నూతిలో నీటి మట్టం కొలవడం మొదలుపెట్టాము. మట్టి పరీక్షకు వేసిన మూడు బోర్లలో నీరు 6 మీటర్ల కిందనే తగిలిందని నివేదిక వచ్చింది. కానీ ఆ బోర్లు వేసింది మార్చి నెలలో. గోదావరి గట్టుకు ఇంత దగ్గరలో వేసవి కొలతను నమ్ముకుని సెల్లార్ తవ్వడం నాకు సమ్మతం కాలేదు. అందువల్ల చేంతాడుకు అర మీటరుకొక ముడి వేయించి, ప్రతి ఆదివారం ఉదయం నూతి గట్టు నుంచి నీటి వరకు ఎంత ఉందో కాపలా పెద్దాయన ఒక నోటు పుస్తకంలో రాసేలా ఏర్పాటు చేశాను. ఈ రోజు కొలత 6.4 మీటర్లు.

తాడు పైకి లాగుతూ ఆయన, "ఇరవై రెండులో వరదొచ్చినప్పుడు ఈ చేంతాడు సగం కూడా పట్టలేదండమ్మగారూ, బిందె ఇలా ముంచితే అలా నిండేది," అన్నారు. 2022 జూలై వరద ఈ ఊరివారందరికీ గుర్తుంది. 1986 ఆగస్టు వరదను చూసినవారైతే ఇప్పటికీ దానితోనే మిగతా వరదలన్నిటినీ కొలుస్తారు. ఆయన మాటను కూడా ఆ తేదీ కింద పుస్తకంలో రాయించాను.

మే రెండో వారం

వైశాఖ మాసం ముహూర్తాలు నడుస్తున్నాయి. మన స్థలానికి దగ్గరలోనే ఉన్న ఒక ఫంక్షన్ హాలు ఎదుట ఒక పెళ్ళినాటి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు నేను, మా సహాయకుడు నిలబడి వాహనాలు లెక్కపెట్టాము. 62 కార్లు, 190 ద్విచక్ర వాహనాలు, రెండు బస్సులు వచ్చాయి. లోపల కార్లకు చోటు 20కి మించి లేదు. మిగిలినవన్నీ రోడ్డుకు రెండు వైపులా నిలిచాయి. ఎనిమిదింబావుకు పెళ్ళికొడుకు ఊరేగింపు వచ్చినప్పుడు అటు ఆటో, ఇటు ఆటో కదలక, మధ్యలో చిక్కుకున్న ఒక అంబులెన్సుకు దారి ఇవ్వడానికి బ్యాండు మేళం వాళ్ళే వాయించడం ఆపి బండ్లను పక్కకు నెట్టవలసి వచ్చింది.

ఈ దృశ్యం చూశాక మన హాలు లెక్కను మళ్ళీ మొదటి నుంచి వేశాను. 500 మంది హాలు కడితే, ఆ సాయంత్రం నేను చూసిన లెక్కన, కనీసం 60 కార్లు వస్తాయి. పాత నమూనాలోని సెల్లార్‌లో ర్యాంపు, స్తంభాలు, నీటి తొట్టెలు, జనరేటరు పోగా 24 కార్లకు చోటు ఉంది. గదుల్లో దిగినవారి కార్లకు కూడా అదే చోటు. కాబట్టి పెళ్ళి జరిగిన ప్రతి రాత్రీ మన హోటల్ ఈ రోడ్డును మూసేస్తుంది. పుష్కరాల రోజుల్లో ఇదే దారిన జనం ఘాట్లకు నడుస్తారు. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజున, పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటను ఈ ఊరు మరిచిపోలేదు. ఇక్కడ కట్టే ఏ భవనమైనా రోడ్డు మీదికి ఎంతమందిని, ఎన్ని బండ్లను వదులుతుందో లెక్క చెప్పగలగాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

హాలు తీసేద్దామన్న మాట యజమానితో చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. ఆ తరవాత, "హాలు లేకపోతే దాన్ని హోటలంటారేంటమ్మా? ఊళ్ళోవాళ్ళు లాడ్జి అనే అంటారు," అన్నారు. ఆయన బాధలో న్యాయం ఉంది. తండ్రి నడిపిన లాడ్జిని ఒక మెట్టు పైకి తీసుకురావాలన్నది ఆయన పట్టుదల. హాలు బదులు ఏమివ్వగలనో వచ్చే నెల చూపిస్తానని చెప్పి వచ్చేశాను.

జూన్ 19

ఈ నెలంతా స్తంభాల వరసల మీదనే గడిచింది. పైన గదులు, కింద కార్లు ఉండే భవనంలో రెండింటికీ ఒకే స్తంభం సరిపోవాలి. పాత నమూనాలో స్తంభాల నడుమ దూరం 7 మీటర్లు. పైన మూడున్నర మీటర్ల గదులు రెండు పడతాయి, బాగానే ఉంది. కింద మాత్రం రెండు కార్లు వదులుగా నిలుస్తాయి, మూడో కారు పట్టదు. నాలుగు వరసల్లో నాలుగు కార్ల చోటు వృథా. దూరాన్ని 8.1 మీటర్లకు పెంచి, 30 సెంటీమీటర్ల మందం ఉన్న స్తంభాల పొడవు ముఖాన్ని కారు నిలిచే దిశకు తిప్పితే, మధ్యలో 7.8 మీటర్లు మిగిలి మూడు కార్లు హాయిగా పడతాయి. పైన ఒక్కొక్క గది వెడల్పు 4.05 మీటర్లవుతుంది. ఆ వెడల్పులో రెండు డబుల్ కాట్లు పక్కపక్కన వేసినా మధ్యలో నడవడానికి చోటుంటుంది. కుటుంబంతో వచ్చే యాత్రికులకు కావలసింది సరిగ్గా అదే.

ఈ ఒక్క మార్పుతో భవనం మొత్తం రూపు మారిపోయింది. ఉత్తరాన, దక్షిణాన ఆరేసి మీటర్ల లోతున గదుల వరసలు. వాటి ముందు 1.8 మీటర్ల వసారాలు, నడుమ 5.4 మీటర్ల వెడల్పున, 14 మీటర్ల పొడవున ఆకాశం కనిపించే నడిమి వాకిలి. అన్నీ కలిపితే 21 మీటర్లు. రెండు పక్కలా మూడేసి మీటర్ల ఖాళీ వదిలితే మన 27 మీటర్ల వెడల్పు సరిగ్గా పూర్తవుతుంది. పొడవున నాలుగు వరసలు 32.4 మీటర్లు. అంతస్తుకు ఉత్తరాన ఎనిమిది, దక్షిణాన ఎనిమిది, మొత్తం పదహారు గదులు. ఇలా మూడు అంతస్తులు వేస్తే 48 గదులు వస్తాయి.

పడమర అద్దాల గోడ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కనుక నది పడమరన ఉంటుంది, మే నెల సాయంత్రపు ఎండ కూడా అటునుంచే వస్తుంది. తలమీది ఎండకు పనికొచ్చే చూరు, నేరుగా ఎదురుగా కొట్టే వాలుటెండకు పనికిరాదు. గదిలో దిగిన మనిషి నది చూడాలని అద్దం పెడితే, ఎండ భరించలేక నాలుగింటికే తెర లాగేస్తాడు. నది కనపడదు, ఏసీ మాత్రం రాత్రి వరకు ఆగకుండా తిరుగుతుంది. అందువల్ల గదులను ఉత్తర దక్షిణాలకు తిప్పి, పడమర చివర ప్రతి అంతస్తులోనూ మెట్ల పక్కన అందరికీ ఉమ్మడిగా ఒక వరండా పెట్టాను. పాత లాడ్జి డాబా ఎక్కి చూస్తే 1900 నుంచి 1997 వరకు రైళ్ళు మోసిన హేవలాక్ వంతెన, దాని పక్కన ఆర్చి వంతెన కనిపిస్తాయి. ఆ చూపు డబ్బెక్కువ పెట్టి నదివైపు గది తీసుకున్నవారికే కాక దిగిన ప్రతి ఒక్కరికీ దక్కాలి.

ఆ వరండాకు ఇంకొక పని కూడా ఉంది. స్నానాల ఘాట్ల నుంచి తిరిగి వచ్చే కుటుంబం చేతిలో తడిబట్టల మూట ఉంటుంది. పాత లాడ్జి గదుల్లో ఫ్యాను రెక్కలకు, కిటికీ ఊచలకు, మంచం పట్టెలకు కట్టిన దారాల ముక్కలు ఇప్పటికీ వేలాడుతున్నాయి. 22వ నంబరు గదిలో కిటికీ ఊచ నుంచి తలుపు గొళ్ళెం దాకా కట్టిన నైలాను తాడు అలాగే ఉంది, దాని కింద గచ్చు మీద నీళ్ళు కారిన మరక చారలుగా ఉండిపోయింది. పాత నమూనాలో బట్టలు ఆరేసుకునే చోటు ఒక్కటీ లేదు. కొత్తదానిలో వరండా లోపలి సగం నది చూడడానికి. బయటివారికి కనపడకుండా ఇటుక జాలీ వెనక ఉన్న సగం తీగలు కట్టి బట్టలు ఆరేయడానికి.

జూలై 10

వంటగది గురించి రెండు వారాలు చర్చ నడిచింది. యజమాని ఇంటి సిద్ధాంతి గారు ఆగ్నేయంలో తప్ప వంటగది పనికిరాదన్నారు. మన స్థలంలో ఆగ్నేయమంటే రోడ్డు వైపు మూల. అక్కడ వంటగది పెడితే తెల్లవారుజామున కూరగాయల బండి, గ్యాసు సిలిండర్లు, పాల డబ్బాలు, రాత్రికి ఎంగిలాకుల డ్రమ్ములు అన్నీ మెయిన్ రోడ్డు మీదనే దించి ఎక్కించాలి. వాటన్నిటికీ వెనక సందే తగిన చోటు. నేను స్వయంగా వెళ్ళి ఆయనకు నమూనా చూపించి, బండ్ల రాకపోకలు వివరించాను. ఆయన ఓపికగా విని, ఆగ్నేయం కుదరనప్పుడు వాయవ్యం పనికొస్తుందని శాస్త్రంలోనే ఉందని చెప్పారు. వాయవ్యమంటే సందు వైపు మూల! ఆ సాయంత్రమే గీత మార్చేశాము. పొగగొట్టం మాత్రం పొరుగింటి కిటికీకి ఎదురు పడకుండా డాబా మీదుగా పైకి తీసుకెళ్ళాలి.

నీటి లెక్క కూడా ఈ రోజే తేలింది. హోటల్ గదిలో ఒక్కొక్క మంచానికి రోజుకు 180 లీటర్లు, భోజనశాలలో కుర్చీకి 70 లీటర్లు అన్నది ప్రమాణం. 48 గదులు, ఇద్దరేసి మనుషులు: 17,280 లీటర్లు. 60 కుర్చీలకు 4,200. మొత్తం 21,480 లీటర్లు. అదే 72 గదులు, 500 మంది హాలు ఉంటే ఒక్క పెళ్ళి రోజున ట్యాంకర్ల కోసం సందులో వరస కట్టవలసి వచ్చేది. అగ్నిమాపక అవసరాల నీటి తొట్టె దీనితో కలపకుండా వేరుగా ఉంటుంది.

ఆగస్టు 24

నూతి మట్టం ఈ రోజు 2.7 మీటర్లు. ఏప్రిల్ కొలతతో పోలిస్తే నీరు 3.7 మీటర్లు పైకి వచ్చింది. నది ఎర్రనీళ్ళతో నిండుగా ప్రవహిస్తున్న వారాలివి.

పాత నమూనాలోని సెల్లార్‌కు రాఫ్ట్ (అడుగున పరిచే కాంక్రీటు పునాది పలక) మందంతో కలిపి 4.6 మీటర్లు తవ్వాలి. ఈ రోజు తవ్వి ఉంటే గుంత అడుగున 1.9 మీటర్ల నీరు నిలిచేది. మోటార్లు పెట్టి తోడేయవచ్చు కదా అని కాంట్రాక్టరు అడిగారు. తోడితే మన గుంతలోని నీటితోపాటు పక్క ఇళ్ళ పునాదుల కిందనుంచి సన్నని ఇసుక కూడా కదిలి వస్తుంది. దక్షిణం వైపు ఇంటి గోడ మన హద్దుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. సున్నంతో కట్టిన గోడ, లోతు లేని పునాది. ఆ గోడకు ఆనించి ఒక ముసలావిడ మంచం వేసుకుని పడుకుంటారని మొన్న కొలతలకు వెళ్ళినప్పుడు చూశాను. ఒకవేళ ఆ ఇబ్బందులన్నీ దాటి కట్టినా, ప్రతి వర్షాకాలంలోనూ నేల కింది నీరు ఆ సెల్లార్‌ను కిందనుంచి పైకి నెడుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి తట్టుకునే బరువు, నీరు చెమ్మగిల్లని గోడలు, ఏడాది పొడవునా తిరిగే పంపులు, ఇవన్నీ 24 కార్ల కోసం.

నోటు పుస్తకం తీసుకెళ్ళి యజమాని ముందు పెట్టాను. ఏప్రిల్ నుంచి ఇప్పటివరకు ఇరవై ఒక్క ఆదివారాల కొలతలు కాపలా పెద్దాయన వంకర అక్షరాలతో ఉన్నాయి. యజమాని ఒక్కొక్క వరస మీద వేలు పెట్టి చదివి, పుస్తకం మూసి, "సరేనమ్మా, సెల్లార్ వద్దు. నుయ్యి మాత్రం పూడ్చకు," అన్నారు. అంతకు ముందు నేను గీసిన మూడు రంగుల పటాలతో జరగని పని ఈ పుస్తకంతో జరిగింది.

సెప్టెంబరు 15

కొత్త నమూనాకు యజమాని సంతకం చేశారు. నేల అంతస్తు, దాని మీద మూడంతస్తులు. నేల అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు, పై అంతస్తులు 3.15 చొప్పున, అరుగు 90 సెంటీమీటర్లు, మొత్తం 13.95 మీటర్లు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఉన్నవి ఎత్తైన భవనాలు. ఆ గీతకు కిందనే ఉండేలా చూసుకున్నాము. ఎత్తు తక్కువైనా రెండు మెట్లదారులూ ఉంచాను, రెండూ హోటళ్ళకు చెప్పిన 1.5 మీటర్ల వెడల్పుతోనే: ఒకటి తూర్పున, ఒకటి పడమర సందు వైపు. నడిమి వాకిలి మీదుగా పొగ పైకి పోయే వీలుండడం ఈ నమూనాలో నాకు అన్నిటికన్నా ధైర్యాన్నిచ్చే విషయం.

కార్లు పన్నెండు. దక్షిణం పక్కదారిన రోడ్డు మీదనుంచి లోపలికి వచ్చి, సందులోంచి బయటకు వెళ్ళిపోతాయి. వెనక్కి తీసి తిప్పే పని రోడ్డు మీద ఉండదు. 48 గదులకు 12 కార్లు చాలవని తెలుసు. సందుకు అవతల ఖాళీగా ఉన్న ఒక గోడౌనును అద్దెకు తీసుకోవడానికి మాటలు జరుగుతున్నాయి, ఇంకా తేలలేదు. ఆ గోడౌను దొరికినా దొరకకపోయినా డ్రైవర్ల గది మాత్రం నేల అంతస్తులోనే ఉంటుంది: ఎనిమిది మంచాలు, స్నానాల గది, ఫోను ఛార్జింగు పెట్టుకునే చోటు. యజమానులు పైన పడుకుంటే డ్రైవర్లు కారు సీటు వెనక్కి వాల్చుకుని దోమల్లో తెల్లవార్చడం ఈ ఊళ్ళో ప్రతి హోటల్ ముందూ చూస్తున్నాము.

హాలు స్థానంలో నడిమి వాకిలి వచ్చింది. వంద మందితో సీమంతం, అక్షరాభ్యాసం, నిశ్చితార్థం వంటివి అక్కడ చేసుకోవచ్చు. నుయ్యి వాకిలి పడమర చివరన, చుట్టూ గట్టుతో, పైన ఇనుప జాలీతో ఉంటుంది. డాబా మీది వాన నీరు వడపోత గుంతలోంచి దానిలోకి దిగుతుంది.

నవంబరు 28

ముందు డాబా విప్పడం మొదలైంది. రోడ్డు వెడల్పులో పోయే మూడు మీటర్లలో ఈ భాగం సగానికి పైగా ఉంది కనుక దీన్ని నిలబెట్టే మార్గం లేకపోయింది. నా వృత్తిలో ఇన్నేళ్ళలో పాత కట్టడాన్ని విప్పించిన రోజులన్నీ నాకు బరువుగానే గడిచాయి, ఈ రోజు కూడా అంతే.

వడ్రంగులు మొదట పైనున్న సున్నపు గచ్చును పలుగులతో చిన్న చిన్న ముక్కలుగా లేపారు. దాని కింద ఏటవాలుగా నిలువున పేర్చిన పలచని ఇటుకలు. ఒక ఇటుక తీయగానే పక్కవి నాలుగు వదులై చేతికి వచ్చాయి. దూలాలు బయటపడ్డాక ఒక్కొక్కదానికి ఎర్ర రంగుతో అంకె వేశారు. మొత్తం 22. మొదటి దూలాన్ని ఆరుగురు భుజాల మీదికి దించుకున్నప్పుడు గోడలో ఉన్న కొస పొడిపొడిగా రాలింది. తడి గోడలో ఉన్నంత మేర చెదలు తినేసింది, గాలి తగిలిన మధ్య భాగం మాత్రం ఉలి దిగనంత గట్టిగా ఉంది. మేస్త్రి ఉలితో ఒక పెచ్చు లేపి ముక్కు దగ్గర పెట్టుకుని, నా చేతికిచ్చారు. లోపల టేకు వాసన ఇంకా పోలేదు.

22లో 17 దూలాలు బాగున్నాయి. 4.2 మీటర్ల పొడవులో రెండు కొసలా ఇరవయ్యేసి సెంటీమీటర్లు కోసేస్తే 3.8 మీటర్లు మిగులుతుంది. గదుల వరసకు ఇది చాలదు. అయితే ముందు ఖాళీకి, గదుల వరసకు నడుమ మిగిలిన ప్రవేశపు వసారా లోతు 2.6 మీటర్లే. ఆ వసారా మీద ఈ దూలాలు వేసి, మిగిలిన 1.2 మీటర్లను రోడ్డు వైపు చూరుగా ముందుకు వదిలితే ఒక్క అంగుళం వృథా కాదు. వానకు తలదాచుకునే బాటసారికి కూడా ఆ చూరు కింద చోటు ఉంటుంది. రెండేసి దూలాల నడుమ కడప పలకలు పరవాలని అనుకుంటున్నాము.

2026 జనవరి 22

సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళిన కూలీలు నిన్నటికి తిరిగి వచ్చారు. వెనక గదుల కట్టడం పూర్తిగా నేలమట్టమైంది. దక్షిణం వైపు గోడకు ఆనించి ఇనుప ఆసరాలు పెట్టి, గోడ మీది బీటల మీద అయిదు చోట్ల గాజు పలకలు అతికించాము. బీట కదిలితే పలక పగులుతుంది. ఇంతవరకు అయిదూ పగలకుండా ఉన్నాయి. ముసలావిడ ప్రతి ఉదయం వాటిని తడిమి చూసి, మా సూపర్‌వైజరుకు గోడ మీదుగా కేకేసి చెబుతున్నారు.

పునాది గుంతల్లో ఉత్తరం వరస ఎనిమిదింటిలో మూడు తవ్వారు. పైన ఒకటిన్నర మీటరు పూడిక మట్టి, దాని కింద నల్ల రేగడి. ఈశాన్యం గుంతలో మాత్రం మట్టి పరీక్షలో కనపడని పాత ఇటుక కాలువ ఒకటి బయటపడింది. అది ఎటు పోతుందో తెలిసేవరకు ఆ గుంతలో కాంక్రీటు వేయవద్దని ఆపాను. రేపు సందు చివరి వరకు తవ్వి చూస్తారు. గోడౌను సంగతి ఇంకా తేలలేదు. నూతి మట్టం ఆదివారం నాడు 4.9 మీటర్లు.